పది రూపాయల కరెంటుకు మూడు లక్షలు

టయోటా కంపెనీ మన దేశంలో కొన్నేళ్లుగా ఒక లెక్క వల్లిస్తోంది. మానేసర్‌లోని ఐక్యాట్ పరీక్షా సంస్థ జరిపిన అధ్యయనం ప్రకారం, పెట్రోలు ఇంజన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారూ ఉన్న స్ట్రాంగ్ హైబ్రిడ్ కారు తాను వెళ్లే దూరంలో 40 శాతం, వెళ్లే సమయంలో 60 శాతం ఇంజన్ ఆపుకుని అచ్చం ఎలక్ట్రిక్ కారులాగే ఉండగలదట. దూరానికీ సమయానికీ మధ్య ఆ 20 శాతం తేడా ఎక్కడిదో తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. సాయంత్రం ఆరున్నరకు పంజగుట్ట సిగ్నల్ దగ్గర నిలబడితే చాలు. పాకుతున్న కారుకు దూరం తరగదు, టైము మాత్రం తరుగుతుంది. ఆగిన కారుకు బొత్తిగా తరగదు. ఆగి ఉండటం కూడా ఎలక్ట్రిక్ ప్రయాణమే అయితే, ఎర్రలైటు పడగానే ఇంజన్ ఆపేసే ప్రతి స్కూటర్‌వాలా పర్యావరణ పరిరక్షకుడే. మా సెల్లార్‌లో రెండేళ్లుగా దుమ్ము కప్పుకుని పడి ఉన్న ఒక పాత మారుతీ 800 అయితే నూటికి నూరు శాతం సమయం సున్నా కాలుష్యంతో నడుస్తున్నట్టు లెక్క. దానికి ఇంతవరకూ ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు, పాపం.

ఇంజన్ ఆగితే పెట్రోలు మిగులుతుంది, నిజమే. ఆ సంగతితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా ఈ మిగులును మనకు అమ్ముతున్న తీరుతో, దాన్ని మనం కొంటున్న తీరుతో.

షోరూంలో మొదట వినపడే మాట 'సెల్ఫ్ చార్జింగ్'. టై కట్టుకున్న కుర్రాడు కాఫీ ఇచ్చి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయించి, "సార్, దీనికి ప్లగ్గు అక్కర్లేదు, తనంతట తానే చార్జ్ అవుతుంది సార్" అంటాడు. మనం గుడిలో గంట విన్నట్టు తల ఊపుతాం. తనంతట తాను చార్జ్ అయ్యే వస్తువు ఈ సృష్టిలో లేదు. ఆ బ్యాటరీలోకి వచ్చే ప్రతి చుక్క కరెంటూ మనం బంకులో కొట్టించిన పెట్రోలు నుంచే వస్తుంది. ఇంజన్ నేరుగా తిప్పితే కొంత, మనం బ్రేకు మీద కాలు వేసినప్పుడు చక్రాల నుంచి తిరిగి రాబట్టుకున్నది కొంత. ఆ చక్రాలను తిప్పిందీ పెట్రోలే. ఒకటో తారీఖున జీతమంతా ఇల్లాలి చేతికిచ్చి, పదో తారీఖున ఆవిడ దగ్గరే వంద అడిగి తీసుకున్న పెద్దమనిషి "ఇవాళ నాకు పై ఆదాయం వచ్చింది" అని వీధిలో చెప్పుకోవడం లాంటిది ఇది. నార్వే వాళ్లకు ఇలాంటి వేళాకోళాలు నచ్చవు. 2020లో అక్కడి వినియోగదారుల సంస్థ, లెక్సస్ హైబ్రిడ్ల ప్రకటనల్లో ఈ 'సెల్ఫ్ చార్జింగ్' మాట జనాన్ని తప్పుదోవ పట్టిస్తోందని దాన్ని వాడనివ్వలేదు. మన దగ్గర అదే మాట హోర్డింగు సైజులో కనిపిస్తుంది. మనవాళ్లు హోర్డింగు చదివి నమ్మరు, పక్కింటాయన చెబితే నమ్ముతారు. కంపెనీలకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

ఆ పక్కింటాయనే మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాడు. ఆయనకు ఉద్యోగం ఉంది, హోమ్‌లోన్ ఉంది, ఇప్పుడు హైబ్రిడ్ ఉంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వాటర్ ట్యాంకర్ వచ్చిందన్న మెసేజ్‌కీ, లిఫ్ట్ ఆగిందన్న మెసేజ్‌కీ మధ్య రోజూ ఒక ఫొటో పెడతాడు: కారు డ్యాష్‌బోర్డు, మధ్యలో ఆకుపచ్చగా 'ఈవీ' అక్షరాలు, పక్కన లీటరుకు ఇన్ని కిలోమీటర్లని అంకె. కింద ఎవరో ఒకరు చప్పట్ల బొమ్మ పెట్టాలి, లేకపోతే మర్నాడు ఇంకా పెద్ద అంకె వస్తుంది. ఆ అంకె కోసం ఆయన పడే పాట్లు నేనొకసారి వెనక సీట్లో కూర్చుని చూశాను. మే నెల. ఏసీ వేస్తే అంకె పడిపోతుందని కిటికీలు దించాడు. ఆయన భార్య ముందు సీట్లో పెళ్లి శుభలేఖతో విసురుకుంటోంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద స్పీడ్ లిమిట్ 120. ఆకుపచ్చ అక్షరాలు ఆరిపోతాయని ఈయన 60 దాటడు. వెనక నుంచి లారీవాడు హారన్ కొడితే "చూశారా, డీజిల్ బండివాళ్లకు ఓపిక ఉండదు" అన్నాడు. లారీవాడు పక్క నుంచి వెళ్తూ అన్న మాట ఇక్కడ రాయలేను.

పోనీ, ఆ అంకె విలువ ఎంతో చూద్దాం. మారుతీ గ్రాండ్ విటారా 2022 సెప్టెంబరులో వచ్చినప్పుడు అదే స్థాయి వేరియంట్‌లో మామూలు ఆటోమేటిక్‌కూ స్ట్రాంగ్ హైబ్రిడ్‌కూ షోరూం ధరలో తేడా 2.60 లక్షలు. పైగా హైబ్రిడ్ అప్పట్లో పై రెండు వేరియంట్లలోనే దొరికేది. పెట్రోలు పొదుపు చేయాలనుకున్నవాడికి మంచి స్టీరియో, ఎల్‌ఈడీ లైట్లూ, ఇంకా నాలుగు హంగులూ తప్పనిసరి అన్నమాట. ఆ 2.60 లక్షల మీద తెలంగాణలో అప్పటి 17 శాతం లైఫ్ ట్యాక్స్ వేసుకుంటే మొత్తం తేడా 3 లక్షల పైన, కచ్చితంగా చెప్పాలంటే 3.04 లక్షలు. కంపెనీ మైలేజీ అంకె 27.97. అది ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ వేయకుండా, గంటకు 90 దాటకుండా నడిపి తీసిన అంకె. సిటీలో నిజంగా హైబ్రిడ్‌కు 21, మామూలు ఆటోమేటిక్‌కు 13 అనుకుందాం. ఇది హైబ్రిడ్‌కు నేను ఉదారంగా వేస్తున్న లెక్కే. పెట్రోలు లీటరు 107 రూపాయలు.

ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే 293 లీటర్లు మిగులుతాయి. డబ్బులో 31 వేల చిల్లర. 3.04 లక్షలు తిరిగి రావడానికి తొమ్మిదిన్నర ఏళ్ల పైమాట. కానీ ఆ 3.04 లక్షలు మన జేబులోవి కావుగా, బ్యాంకువి. తొమ్మిది శాతం వడ్డీకి తెస్తే మొదటి ఏడాది వడ్డీయే 27 వేలు. అంటే 31 వేలు మిగిల్చి 27 వేలు బ్యాంకుకు కట్టి, మిగిలిన నాలుగు వేలతో మనం మోటారు వాహన విప్లవం తెచ్చాం. ఇక మా మూడో అంతస్తు ఆయన వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పనిచేస్తాడు; ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు దాటడు. ఆయనకు ఏటా మిగిలేది 19 వేల లోపు. వడ్డీ ఊసెత్తకపోయినా అసలు రావడానికి 16 ఏళ్లు. కారు ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. లాభాల్లోకి అడుగుపెట్టే సరికి ఆర్‌టీఏ ఆఫీసు ముందు రెన్యువల్ క్యూలో ఉంటాడు.

ఇంకో రకంగానూ చూడొచ్చు. ఆ 3.04 లక్షలతో 2,840 లీటర్ల పెట్రోలు వస్తుంది. మామూలు కారు దానితో దాదాపు 37,000 కిలోమీటర్లు నడుస్తుంది. మా మూడో అంతస్తు ఆయనకు ఆరేళ్ల పెట్రోలు. సగం మిగల్చడం కాదండీ, మొత్తం పెట్రోలు. ఆరేళ్ల పెట్రోలు డబ్బు ముందే కంపెనీకి కట్టేసి, రోజూ కొంచెం కొంచెం మిగిల్చుకుంటూ ఫొటోలు పెడుతున్నాడు. ఈ లెక్క ఒకసారి ఆయనకు కాగితం మీద వేసి చూపించాను. "పెట్రోలు రేటు పెరుగుతుందిగా" అన్నాడు. పెట్రోలు రేటు పెరగాలని దేవుణ్ణి కోరుకునే మధ్యతరగతి మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఇంత ఖర్చు పెట్టి కొన్న ఆ బ్యాటరీ ఎంతదో తెలుసా? గ్రాండ్ విటారాలోనూ, దాని కవల టయోటా హైరైడర్‌లోనూ ఉన్నది 0.76 కిలోవాట్ అవర్. మన కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్టు. బెడ్‌రూం ఏసీ ముప్పావుగంటలో తాగేసే కరెంటు. నిండా నింపినా పది రూపాయలు చేయదు. దాన్నీ పూర్తిగా నింపరు, పూర్తిగా ఖాళీ చేయరు. బ్యాటరీ ఎక్కువ కాలం బతకాలని మధ్యలో కొంత భాగాన్నే వాడుకుంటారు. ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఏసీ నడుపుతూ ఆగితే ఇంజన్ కాసేపు మౌనవ్రతం పట్టి, తర్వాత తనకు తానే ఉలిక్కిపడి లేచి చార్జింగ్ మొదలుపెడుతుంది. కారు కదలట్లేదు, ఇంజన్ మాత్రం మోగుతోంది. పక్క స్కూటర్ మీది పిల్లవాడు వాళ్ల నాన్నను "ఇదేంటి నాన్నా?" అని అడుగుతాడు.

అరకు వెళ్లి చూడండి. ఘాట్ ఎక్కేటప్పుడు ఆ ముప్పావు యూనిట్టు రెండు మూడు మలుపుల్లో అయిపోయి, మూడు సిలిండర్ల ఇంజన్ ఒంటరిగా కేకలు పెడుతుంది. దిగేటప్పుడు అసలు వేడుక. మనుషులతో కలిపి 1,600 కిలోల కారు వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి దిగితే అందులో దాదాపు 4.4 యూనిట్ల శక్తి ఉంటుంది. టైర్ల రాపిడి, గాలి కొంత తినేసినా ఇంకా బోలెడు మిగులుతుంది. బ్యాటరీకి పట్టేది అందులో పదో వంతు. కొండ మొత్తం ఉచితంగా కరెంటు పోస్తానంటే మనవాళ్లు గ్లాసు పట్టుకెళ్లారు. నాలుగు మలుపులు తిరిగే సరికి గ్లాసు నిండిపోతుంది. మిగతా దిగుడంతా మామూలు కారులాగే ఇంజన్‌తో, బ్రేకులతో నిభాయించుకోవాలి.

ఆ గ్లాసు పెట్టడానికి చోటు డిక్కీలోంచి కోశారు. మామూలు గ్రాండ్ విటారా డిక్కీ 373 లీటర్లు, హైబ్రిడ్‌ది 265. పట్నంలో లాప్‌టాప్ బ్యాగుకు అది చాలు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు తెలుస్తుంది. పాతిక కిలోల బియ్యం బస్తా అడ్డంగా పెడితే ఆవకాయ జాడీ నిలబడదు, జాడీ నిలబెడితే అరిసెల డబ్బా వెనక సీట్లో పిల్లల మధ్యకు వస్తుంది, కొబ్బరికాయలు కాళ్ల కింద దొర్లుతాయి. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు అదనంగా ఇచ్చే కారులో జాడీని మూడొందల కిలోమీటర్లు ఒళ్లో పెట్టుకుని వచ్చిన అత్తగారిని నేనెరుగుదును. పైగా హైవే మీద ఆ ఎనిమిది కూడా నిలవదు. బ్రేకు వేసే పని తక్కువ కాబట్టి తిరిగి రాబట్టుకునేదీ తక్కువ. విజయవాడ హైవే ఎక్కాక హైబ్రిడ్‌కూ మామూలు కారుకూ తేడా బాగా చిక్కిపోతుంది. హైబ్రిడ్‌కు ట్రాఫిక్ జామే పుట్టిల్లు.

ఇవన్నీ స్ట్రాంగ్ హైబ్రిడ్ కష్టాలు. 'మైల్డ్' హైబ్రిడ్‌కు కష్టాలే లేవు, ఎందుకంటే దానికి పనే లేదు. బెల్టుకు తగిలించిన ఒక చిన్న మోటారు, ఒక చిన్న అదనపు బ్యాటరీ. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపి మళ్లీ లేపుతుంది, బండి ఎత్తుకునేటప్పుడు చిటికెన వేలు సాయం చేస్తుంది. ఒంటిగా కారును ఒక్క అడుగు నడపలేదు. అయినా వెనక డోరు మీద హైబ్రిడ్ అన్న వెండి అక్షరాలకు లోటు లేదు. 2015లో ప్రభుత్వం ఎలక్ట్రిక్, హైబ్రిడ్ వాహనాలను ప్రోత్సహించడానికి ఫేమ్ పథకం పెడితే మొదట బాగుపడిన వాటిలో సియాజ్, ఎర్టిగా డీజిల్ మైల్డ్ హైబ్రిడ్లు ఉన్నాయి. డీజిల్ వాడకం తగ్గించడానికి డీజిల్ కారుకే సబ్సిడీ! రెండేళ్లు ఇచ్చాక, 2017 ఏప్రిల్‌లో ఢిల్లీకి జ్ఞానోదయమై మైల్డ్ వాళ్లను జాబితా నుంచి తీసేశారు. అక్షరాలు మాత్రం కార్ల మీద అలాగే ఉండిపోయాయి.

ఇంతవరకూ చదివి "నేను ముందే చెప్పాను, ఇదంతా కాంప్లికేటెడ్ సరుకు, రెండేళ్లకు బ్యాటరీ పేలుతుంది" అని మీసం మెలేసే బాబాయిలున్నారు. బాబాయిలూ, కాస్త ఆగండి. మీ వాదన మా మూడో అంతస్తు ఆయన వాదన కంటే అన్యాయం. టయోటా ప్రియస్ జపాన్‌లో 1997 డిసెంబరులో వచ్చింది. పాతికేళ్ల పైబడి ప్రపంచంలో ఎన్నో నగరాల్లో టాక్సీలుగా చావగొట్టి నడిపినా అవి చావలేదు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ 2023 సర్వేలో మామూలు పెట్రోలు కార్ల కంటే హైబ్రిడ్లకు 26 శాతం తక్కువ సమస్యలు వచ్చాయి. కారణం వినండి. టయోటా పద్ధతిలో గేర్‌బాక్స్ అని మనం అనుకునేది నిజానికి ఒక ప్లానెటరీ గేర్ సెట్, రెండు మోటార్లు, అంతే. అందులో క్లచ్ ప్లేటు లేదు, గేర్లు మార్చే యంత్రాంగం లేదు, వేరే సెల్ఫ్ మోటార్ లేదు, ఆల్టర్నేటర్ లేదు. మన ఇళ్లలో కార్లు ఆగిపోయేది సగం వాటివల్లే. బ్రేకు పని చాలా వరకు మోటారే చేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు త్వరగా అరగవు. ఇంజన్ అట్కిన్‌సన్ పద్ధతిలో, కవాటం కాసేపు ఎక్కువ తెరిచి ఉంచి, బలం తగ్గించుకుని, పెట్రోలును చివరి బొట్టు వరకు పిండుతుంది. తగ్గిన బలాన్ని మోటారు పూడుస్తుంది. ఇద్దరు బలహీనుల్ని జత చేసి ఒక గట్టివాణ్ణి తయారుచేసిన ఇంజనీరుకు నేను దణ్ణం పెడతాను. బ్యాటరీకి టయోటా మన దేశంలో 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. మా మూడో అంతస్తు ఆయన ఆ కిలోమీటర్లు పూర్తి చేయాలంటే 26 ఏళ్ల పైనే కావాలి.

నిజంగా గందరగోళం కావాలంటే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొనుక్కోండి. పెద్ద బ్యాటరీ, పెద్ద ఇంజన్, చార్జర్, అన్నీ ఒకే ఒంట్లో. అదే సర్వేలో వాటికి పెట్రోలు కార్ల కంటే 146 శాతం ఎక్కువ సమస్యలు. యూరప్‌లో కంపెనీ కార్లుగా పన్ను రాయితీ కోసం వీటిని తెగ కొన్నారు. 2024లో యూరోపియన్ కమిషన్ నిజమైన రోడ్ల మీది లెక్కలు తీస్తే, ప్రయోగశాలలో చెప్పిన దానికి మూడున్నర రెట్లు పొగ వదులుతున్నాయని తేలింది. జనం ప్లగ్గు పెట్టట్లేదు మరి. రాయితీకి మాత్రం అప్లికేషన్ పెట్టారు.

మన దగ్గర గందరగోళం బోనెట్ కింద లేదు, బోనెట్ ఎత్తేవాడి దగ్గర ఉంది. నాచారంలో నేనెప్పుడూ వెళ్లే మెకానిక్ ఏ బండి శబ్దం విన్నా జబ్బు చెప్పేస్తాడు. ఒకరోజు ఎవరిదో హైబ్రిడ్ బోనెట్ ఎత్తి, లోపల వేలెడు లావు నారింజ రంగు కేబుళ్లు చూసి, చేతిలో స్పానర్ కింద పెట్టాడు. ఆ రంగు హై వోల్టేజికి గుర్తు. "గీ ఆరెంజ్ వైర్లు ముట్టుకుంటే ఖతమే సార్. షోరూంకే తీస్కపోండ్రి" అని మళ్లీ మూసేశాడు. బండికొచ్చిన జబ్బు వైపర్‌ది. అయినా ముట్టలేదు. అంటే యంత్రం చెడకపోవచ్చు, కానీ చెడితే మన వీధి చివర దిక్కు లేదు. షోరూం వాళ్లు చెప్పిన రోజుకు, చెప్పిన రేటుకు వెళ్లాలి. బాబాయిలు భయపడాల్సింది బ్యాటరీ పేలుడుకు కాదు, సర్వీస్ అడ్వైజర్ ఎస్టిమేటుకు.

ఈ మాట ఫోన్లో చెబితే డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు నవ్వాడు. "ఇక్కడ అందరూ హైబ్రిడ్డే మామయ్యా, మీరింకా డిస్కషన్ చేస్తున్నారా?" వాడన్నది నిజం, కానీ వాడికి తెలియని నిజం ఇంకోటుంది. అక్కడ మన తెలుగు కుటుంబాల ముద్దుల బండి టయోటా సియెన్నా 2021 మోడల్ నుంచి హైబ్రిడ్‌గా మాత్రమే వస్తోంది. క్యామ్రీ 2025 మోడల్ నుంచి అంతే. వాడు హైబ్రిడ్‌ను ఎంచుకోలేదు, కారు ఎంచుకున్నాడు, హైబ్రిడ్ దాంతో వచ్చింది. దానికి ప్రత్యేకంగా మూడు లక్షలు విడిగా కట్టి, సెల్లార్‌లో సన్మానం చేయించుకోవాల్సిన అవసరం రాలేదు. అలాగని అక్కడివాళ్లు మహర్షులేం కాదు. 2005 నుంచి 2011 వరకు కాలిఫోర్నియాలో 85,000 హైబ్రిడ్లకు పసుపు స్టిక్కర్లిచ్చి, ఒక్కడే కూర్చున్నా కార్‌పూల్ లేనులో వెళ్లనిచ్చారు. సిలికాన్ వ్యాలీ జనం ఆ స్టిక్కర్ కోసం ఎగబడ్డారు. స్టిక్కరున్న పాత ప్రియస్‌కు లేనిదానికంటే ఎక్కువ ధర పలికింది. ధ్రువప్రాంతపు మంచును కాపాడే సంగతి ఎలా ఉన్నా, ఆఫీసుకు ఇరవై నిమిషాలు ముందు చేరారు.

మన దగ్గర కూడా ఈ జాతకం కొత్తదేం కాదు. 2008లో హోండా తన సివిక్ హైబ్రిడ్‌ను 21 లక్షల పైచిలుకుకు తెచ్చి పెట్టింది. ఎవరూ కొనలేదు. కొన్ని నెలలకే 8 లక్షలు తగ్గించింది. అప్పుడు కొన్నారు. ఇంతకంటే స్పష్టమైన మార్కెట్ సర్వే నాకు తెలియదు. 2010లో ప్రియస్ 26 లక్షల పైన వచ్చి, సినిమావాళ్ల ఇళ్ల ముందు కొంతకాలం నిలబడి, కనుమరుగైంది.

ధర ఇలా ఎందుకుందని అడిగితే కంపెనీ వేలు ప్రభుత్వం వైపు చూపిస్తుంది. ఈసారి ఆ వేలు అబద్ధం చెప్పట్లేదు. జీఎస్టీ వచ్చిన 2017 నుంచి హైబ్రిడ్లకు 28 శాతం పన్ను, 15 శాతం సెస్సు, కలిపి 43. ఎలక్ట్రిక్ కార్లకు 2019 నుంచి 5. నితిన్ గడ్కరీ 2024లో హైబ్రిడ్లకు తగ్గించండని ఆర్థిక శాఖను అడిగారు. టయోటా, మారుతీలు ఔనన్నాయి. ఎలక్ట్రిక్ కార్లమ్మే టాటా, మహీంద్రాలు వద్దన్నాయి. ప్రతి ఒక్కరూ పర్యావరణం పేరు మీదే మాట్లాడారు. ఉత్తరప్రదేశ్ ఆ ఏడాది జూలైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేసింది. అలా ఒకే కారు లక్నోలో పర్యావరణ హితమై, హైదరాబాదులో లగ్జరీ అయింది. చివరికి 2025 సెప్టెంబరు 22న కొత్త జీఎస్టీ వచ్చి నాలుగు మీటర్లు దాటిన కార్లలో ఎలక్ట్రిక్‌వి తప్ప అన్నిటికీ 40 శాతం వేసింది. హైబ్రిడ్‌కు 43 నుంచి 40కి తగ్గిందని ప్రకటన. పెట్రోలు ఎస్‌యూవీకి 45 నుంచి, 50 నుంచి అదే 40కి తగ్గిందని ఎవరూ ఎత్తి చెప్పలేదు. పెట్రోలు తాగే దానికీ, పెట్రోలు మిగిల్చే దానికీ మధ్య అంతకుముందు ఉన్న ఆ కాస్త వివక్ష కూడా పోయింది. సమానత్వం అంటే ఇదే కాబోలు.

ఇప్పుడు ఆ 2.60 లక్షల తేడానే మళ్లీ విప్పండి. 40 శాతం లెక్కన అందులో జీఎస్టీ 74 వేలు. ఆ తేడా మొత్తం మీద మన లైఫ్ ట్యాక్స్, పైన వేసిన 17 శాతం లెక్కనే, 44 వేలు. మొత్తం 1.18 లక్షలు. అంటే పెట్రోలు మిగల్చండి, దేశానికి విదేశీ మారకం ఆదా చేయండి అని చెప్పే సర్కారు, మనం రాబోయే నాలుగేళ్లలో మిగల్చబోయే పెట్రోలు డబ్బును ఇవాళే, అడ్వాన్సుగా, షోరూం కౌంటర్ దగ్గర వసూలు చేసుకుంటోంది. పెట్రోలు మీద రావలసిన వ్యాట్ పోతుందనే దిగులు దానికి లేదు. ముందే పుచ్చుకుంది.

నాలుగు మీటర్ల లోపు చిన్న హైబ్రిడ్‌కైతే అదే కొత్త జీఎస్టీలో 18 శాతమే. కానీ ఆ స్లాబు వచ్చిన నాటికి మన షోరూముల్లో ఉన్న స్ట్రాంగ్ హైబ్రిడ్లన్నీ నాలుగు మీటర్లు దాటినవే. పాతిక ముప్పై లక్షల టయోటా హైక్రాస్‌లో పెట్టగలిగినదాన్ని డిజైర్ సైజు బండిలో ఎందుకు పెట్టలేదని అడగండి. సాంకేతిక కారణాలు చెబుతారు. కారణం సాంకేతికం కాదని నా అనుమానం. డిజైర్ కొనేవాడు లెక్క వేసుకుంటాడు.

రోజంతా సిటీ ట్రాఫిక్‌లో పడి ఏడాదికి 60,000 కిలోమీటర్లు తిరిగే క్యాబ్ డ్రైవర్‌కు పైన వేసిన లెక్కే వేసి చూడండి: ఏటా 1.88 లక్షలు మిగులు, ఇరవై నెలల్లోపు పెట్టుబడి చేతికి. ఈ యంత్రం ఎవరి కోసం పుట్టిందో వాడతనే. సిగ్నల్‌కు సిగ్నల్‌కు మధ్య పాకడం, ఆగడం, మళ్లీ పాకడం, ఇదే అతని బతుకు. అతనేమో సీఎన్‌జీ బండి నడుపుతున్నాడు. కొత్త డిజైర్ సీఎన్‌జీకి కిలోకు 33.73 కిలోమీటర్లని కంపెనీ లెక్క. వైపర్ చెడితే నాచారం మెకానిక్ చూస్తాడు.

మొన్న ఎయిర్‌పోర్టుకు వెళ్తూ క్యాబ్‌లో ఈ హైబ్రిడ్ సంగతంతా అతనికి చెప్పాను. మైలేజీ చెప్పాను, ఆకుపచ్చ అక్షరాల గురించి చెప్పాను, కొండ దిగుతుంటే చార్జ్ అవుతుందని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మంచిగనే ఉంది సార్. డిక్కీల సీఎన్‌జీ సిలిండర్ పెట్టిచ్చుకోవచ్చా?"

అక్కడ ఇప్పటికే బ్యాటరీ కూర్చుందని చెప్పాను.

"తీపిస్తే ఎంతైతది సార్?" అన్నాడు.